పెట్టెలో తక్కువైన టీషర్టు

జోడీ,

పొయ్యి మీద సూపు ఉంది, వేడి చేసుకో. కుక్కని బయట తిప్పు. మెట్ల కింద పెట్టె మళ్లీ ముట్టుకున్నావో, ఊరుకోను. పెళ్లికి ముందు ఆడాళ్ల పార్టీ ఏ ఊళ్లోనో ఎయిర్‌పోర్టుకి వెళ్లేదాకా పెళ్లికూతురికి, అంటే నీకు, తెలియకూడదు. ఆ ఏర్పాట్లన్నీ తోడుపెళ్లికూతురివి, అంటే నావి. నువ్వేమో టేపు పీకి, టీషర్టుల మీద అయా నాపా అని సైప్రస్ బీచ్ ఊరి పేరు చూసి, పైగా నాకు హుకుం జారీ చేశావు. "అమ్మ వద్దు, బీచ్ బార్లో బల్లలెక్కి గంతులేస్తుంది, ఆఫీసు వాళ్ల ముందు నా పరువు పోతుంది" అని.

నీ పరువా? నీ పద్దెనిమిదో పుట్టినరోజున పబ్బు ముందు నువ్వు వాంతులు చేసుకుంటుంటే జుట్టు పట్టుకుని నిలబడింది ఆవిడే.

అమ్మ రాకపోతే నేనూ రాను. అక్కడ నీ ఆఫీసు మహారాణులే పట్టుకుంటారులే నీ జుట్టు.

కర్స్టీ

ఇంకోటి. ఒక టీషర్టు తక్కువైందని షాపు వాళ్లని తిట్టకు. వీపు మీద 'పెళ్లికూతురి అమ్మ' అని రాసున్నది ఆదివారం నుంచీ అమ్మ ఒంటి మీదే, డ్యూటీ యూనిఫాం లోపల ఉంది. రావద్దని నువ్వే చెప్పు, చూస్తాను.