బియ్యం డబ్బాలో ఫ్యూజు

సరిత నాయినా,

ఎట్లున్నావు? నువ్వు కాలం చేసి రెండేండ్ల నాలుగు నెలలైంది. ఇన్ని రోజులు రాయనిది ఇప్పుడెందుకు రాస్తోందని అనుకుంటావేమో. ఒక తప్పు చేశాను. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

నీ ట్రాలీ ఆటో అమ్మేశాం. అది పెట్టే షెడ్డులో మన బిడ్డ సరిత వడ్రంగి పని మొదలుపెట్టింది. చెక్క నున్న చేసే నీ రందాలు, ఉలులు గోడకు వరుసగా తగిలించింది. వానకు కారే మూలన రేకు మార్పించింది. నేల చెమ్మ తగలకుండా టేకు చెక్కలు ఇటుకల మీద పేర్చింది. అన్నీ నీ దగ్గర నేర్చినవే. అంతవరకు నాకూ సంతోషమే...

తరువాత కోత మిషన్ తెచ్చింది. బల్ల నడుమ పళ్ల చక్రం. దాన్ని చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

సోమవారం సరిత స్నానానికి పోయినప్పుడు షెడ్డు ఫ్యూజు పీకి బియ్యం డబ్బాలో దాచాను. రోజుకు నాలుగుసార్లు చెయ్యి పెట్టి ఉందో లేదో చూసుకుంటున్నాను. ఎక్కడికి పోతుంది చెప్పు?

వైరింగ్ చేసినాయన పట్టుకుపోయాడనుకుని సరిత ఫోన్లో ఆయన మీద ఒకటే లొల్లి. పాపం, ఆయన ఏడుపాయల గుడికి మొక్కు తీర్చుకోను పోయాడట. అమ్మవారి ముందర నిలబడి తిట్లు తిన్నాడు, నా మూలంగా...

మన గల్లీలో బట్టలు కుట్టే ఖాజా భాయ్ లేడా, ఆయనకు కొత్తగా పుట్టిన మనవరాలికి ఊగే తొట్టెల చేస్తానని సరిత ఒప్పుకుంది. మొదటి పని. శుక్రవారం పసిపిల్లను దవాఖాన నుంచి తెస్తారు. ఈ రోజు బుధవారం. మిషన్ లేక చేతి రంపంతోనే కోస్తోంది. పొద్దున చాయ్ గ్లాసు అందుకుంటుంటే చూశాను, అరచేతుల నిండా బొబ్బలు. ఏ వేళ్ల కోసం దాచానో ఆ వేళ్లే...

ఇదిగో, రంపం ఆగింది. ఎందుకు ఆగింది? కోసుకుందా? ...మళ్లీ మొదలైంది.

ఆ రోజు నువ్వు మిషన్ మీద ఉండగా నీకు సద్ది తెచ్చి కట్టెకోత మిల్లు గేటు దగ్గరి నుంచే కేకేశాను. నువ్వు తిరిగి చూశావు. చక్రానికి నీ రెండు వేళ్లు పోయాయి. దవాఖానలో కట్టు కడుతుంటే నా చెవిలో ఏమన్నావు?

"నువ్వు పిలిచినవని ఎవ్వలకు చెప్పకు యాదమ్మ. కట్టెల ఇనుప మొల ఉండెనని చెప్త."

అందరికీ అదే చెప్పావు. సరితకు కూడా. ఆ పిల్ల కొన్న ప్రతి చెక్కలో మొలల కోసం వెతుకుతుంది. నా నోటి కోసం ఎవరు వెతుకుతారు? నేను పిలవనిదే ఉండలేను, నీకు తెలుసు. తిన్నావా, తాగావా, ఫ్యాను వేసుకున్నావా... పిలిచిన ప్రతిసారీ తిరిగి చూస్తుంది. అచ్చం నీలాగే.

తరువాత ఒకసారి జర కోపంగానే అన్నావు. "మిషన్ ముంగటున్నోన్ని పిలవద్దే. ఆగినంక పిలువు. అన్నమేం పారిపోతదా?"

మాట దాచిపెట్టి ఫ్యూజు దాచితే ఏం లాభం? నీ మాట దాటుతున్నాను, కోపం చేసుకోకు. ఈ కాగితం మడవగానే పోయి ఫ్యూజు సరిత చేతిలో పెడతాను. మొల లేదని చెప్తాను. తిడితే తిట్టనీ. వైరింగ్ ఆయనకూ ఫోన్ చేయిస్తాను.

ఇకనుంచి అన్నం తెచ్చి షెడ్డు గడపలోనే నిలబడతాను. ఎంతసేపైనా సరే. చక్రం ఆగినంకనే పిలుస్తాను.

రంపం ఆగింది. పోతున్నా.

యాదమ్మ