ఏడో తరగతి క్లిక్కర్లు

సిద్దిపేట

అవ్వకు దండం వెట్టి నీ బిడ్డ రాసేది. గీడ నేను, నీ అల్లుడు, పిల్లలు మంచిగున్నం. భివండిల మీరందరు సల్లగున్నరని మరదలు రాసిన ఉత్తరం జూసి మనసు నిమ్మళమైంది. నీ మోకాలి నొప్పి తగ్గిందన్నవు. అయినా గని మెట్లు ఎక్కుడు, దిగుడు తగ్గియ్యి.

ఫోన్ జేస్తె ఎందుకు ఎత్తుతలేవని అడిగినవు. బడిల పిల్లల చేతికి ఏందో మిషన్లిచ్చిన్రట, అవేందని సుత అడిగినవు. ముందుగాల మిషన్ల ముచ్చట చెప్త.

వాటిని క్లిక్కర్లు అంటరవ్వా. టీవీ రిమోటు లెక్కనే, ఇంకింత చిన్నగ ఉంటయి. నేను బోర్డు మీద ఒక లెక్క ఇచ్చి నాలుగు జవాబులు రాస్త. ఎవరికి ఏది సరి అనిపిస్తె ఆ బటన్ నొక్కుతరు. ఏ జవాబు ఎంతమంది నొక్కిన్రో బోర్డు మీద గీతలు లేస్తయి.

మొదటి దినమే నాకు దిమ్మ తిరిగింది. ఏడో తరగతికి దశాంశాలు చెప్పి, అర్థమైందా అంటె అందరు తలకాయలూపిన్రు. 0.4 పెద్దదా, 0.35 పెద్దదా అని అడిగితె సగం కన్న ఎక్కువ మంది 0.35 నొక్కిన్రు. ముప్పై అయిదు నాలుగు కన్న పెద్దది గద అని వాళ్ల లెక్క. ఇన్నేండ్ల సంది ఆ ఊపిన తలకాయలనే నమ్ముకొని పాఠం ముందటికి గుంజుకపోయిన.

మా హెడ్మాస్టర్ రాజేంద్రప్రసాద్ సారుకు క్లిక్కర్లు బాగ నచ్చినయి. పిల్లల పేర్లు సుత బోర్డు మీద రావాలె, తప్పు నొక్కినోళ్లది ఎర్రగ కనవడాలె, గప్పుడే పోటీ వస్తది అన్నడు. అట్లనే పెట్టిన. మనీష అని ఒక పిల్లున్నది, సిగ్గుతోని నోట్లెకెళ్లి మాట రాదు. ఆమె పేరు వరుసగ ఎర్రగనే వచ్చేసరికి పిల్లలు నవ్విన్రు. తెల్లారి సంది ఆ పిల్ల నొక్కుడే బంద్ జేసింది. క్లిక్కర్ బెంచి కింద పెట్టి, తల వంచుకొని కూసునేది.

నేను పేర్లు తీసేసిన. సారు అడిగితె, "పిల్లల పోటీ తర్వాత సంగతి సార్. నేను చెప్పింది ఎక్కడ ఎక్కలేదో ముందు నాకు తెల్వాలె" అన్న. సారు సరే అన్నడు.

మనీష మళ్ల నొక్కుడు మొదలువెట్టింది. కని తప్పులు తగ్గలే. కొన్ని దినాలైనంక అదే ప్రశ్న అడిగితె అదే తప్పు. కారణం నాకు ఎరికే. నొక్కినంక పిల్లలు పక్కోళ్లతోని మాట్లాడుకోవాలె, ఎందుకట్ల నొక్కిన్రో నాకు చెప్పాలె. తప్పు ఎక్కడ పుట్టిందో గప్పుడే దొరుకుతది. నేను వాళ్లను మాట్లాడనియ్యలే. నొక్కుండ్రి, సరైనది గిది, రాసుకోండ్రి, అంతే.

ఎందుకు మాట్లాడనియ్యలేదో ఇప్పుడు చెప్త. మరదలా, ఈ ముక్క అవ్వకు మెల్లగ చదివి వినిపియ్యి.

అవ్వా, నాకు చెవులు వినవడుతలెవ్వు. కుడి చెవి మొత్తం పోయింది, ఎడమది సగమే. దవాఖానల చూపిచ్చుకున్న. నరం బలం తగ్గింది, పోయింది తిరిగి రాదు, ఉన్నదానికి మిషన్ పెట్టుకుంటె కొంత ఆసరా అన్నరు. ఫోన్ల నీ గొంతు వస్తది గని నువ్వేమన్నవో తెల్వది. అందుకే ఎత్తుతలేను. క్లిక్కర్లు వచ్చిన దినం నేను లోపల సంబురపడ్డ. ఇగ పిల్లల మాట వినే పని తప్పిందని.

వాటి వెనక దాసుకుంటె నా గుట్టు బయటవడది, కని పిల్లలకు లెక్కలు రావు. నీ అల్లునితోని చెప్పుకొని ఏడ్చిన. తెల్లారి సారు కాడికి పోయి అంత చెప్పిన. ఆయన మంచి మనిషే. పాఠాలు ఇడిసిపెట్టి ఆఫీసు పని చూసుకోండ్రి మేడం, నేను పైవాళ్లతోని మాట్లాడుత అన్నడు. నేను ఒద్దన్న. "ఒకసారి నా క్లాసుల కూసోండ్రి సార్. జూసినంక సుత నేను చెప్పలేననిపిస్తె అప్పుడు చెప్పుండ్రి" అన్న.

సారు వచ్చి ఎనక బెంచిల కూసున్నడు. ముందుగాల పిల్లలకు చెప్పిన. "నాకు సరిగ్గ వినవడది. నా దిక్కు మొఖం తిప్పి మెల్లగ మాట్లాడుండ్రి. తెల్వకుంటె మళ్ల అడుగుత." ఎవ్వరు నవ్వలే.

దశాంశాల ప్రశ్ననే మళ్ల ఇచ్చి, ఎవరికి వాళ్లు నొక్కమన్న. జవాబు చెప్పలే, గీతలు సుత చూపియ్యలే. పక్కోళ్లతోని మాట్లాడుకొని మళ్ల నొక్కుండ్రన్న. క్లాసంత కదిలింది. వాళ్ల లొల్లి నాకు వినవడలే గని చేతులు కనవడ్డయి. ఒకడు స్కేలు తీసి పక్కోనికి చూపెడుతుండు. ఇంకో పిల్ల బెంచి మీద పది గడులు గీస్తుంది. రెండోసారి నొక్కినంక గీతలు చూపిచ్చిన. 0.4 గీత అన్నిటి కన్న పొడుగు లేసింది.

ఎవరన్న ఎందుకో చెప్తరా అని అడిగిన. మనీష లేసింది. నడుసుకుంట వచ్చి నా ఎదురుంగ నిలవడ్డది. ఒక్కొక్క మాట నా కండ్లకు కనవడేటట్టు పెదవులు కదిలిచ్చింది.

"నేను ముందుగాల తప్పు నొక్కిన టీచర్. ఎందుకు నొక్కిన్నో చెప్త."

చెప్పింది. పాయింటు జూడక నాలుగు కన్న ముప్పై అయిదు పెద్దదనుకున్నదట. పాయింటు తర్వాత నాలుగు వెనక ఒక సున్నా పెడితె 0.40 అయితది, గప్పుడు నలభై ముందట ముప్పై అయిదు చిన్నగైతది అని బోర్డు మీద రాసి చూపిచ్చింది. సారు ఆఫీసు మాట మళ్ల ఎత్తలే.

వచ్చే సోమవారం చెవికి మిషన్ పెట్టిచ్చుకుంటున్న. నువ్వు రంది వెట్టుకోకు. ఏడిస్తె ఏడ్వు, కని బడి ఇడిసిపెట్టు బిడ్డా అని మాత్రం అనకు. నేను ఇడువ.

తమ్మున్ని, మరదలిని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
ప్రసూన