నున్నటి టైరు

జహనుమా, హైదరాబాదు
ఫిబ్రవరి 1979

పూజ్యులైన మీ పాదాలకు నమస్కరించి నీలమ్మ రాస్తున్నది.

అత్తమ్మా నేనూ బాగానే ఉన్నాము. భిలాయిలో చలి తగ్గి మీ దగ్గు కూడా తగ్గిందని మీ ఉత్తరం చదివి వినిపిస్తే అత్తమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. మీ తమ్ముడు కొండల్ ఒంటికి కూడా ఏ దెబ్బా తగలలేదు. కానీ వాడి సంగతి రెండు ముక్కల్లో తేలేది కాదు. కాస్త ఓపికగా చదవండి, అన్నీ వరుసగా రాస్తాను.

ముందు మీరు అడిగినవి. వంటింటి మీద రేకులు మార్పించాము, ఇక వానొచ్చినా ఫికరు లేదు. అత్తమ్మ మోకాళ్ళకు మీరు పంపిన నూనె రోజూ రాస్తున్నాను. ఇక కొండల్ పందెం కోసం మోటారుసైకిలుకు గీతలు లేని టైరు కొన్నాడని రాస్తే, వాడికి మతి పోయిందా, గుండు టైరు మీద బండి నడుపుతాడా అని కోప్పడ్డారు. నేనూ మొదట అలాగే అరిచాను. వాడు నవ్వి, నేను రొట్టె చేస్తుంటే పక్కన కూర్చున్నాడు.

"గీతలెందుకుంటయి వదినా? వానకు. నీళ్ళు ఆ సందులల్ల నుంచి పోతయి. ఎండల, పావు మైలు సీదా ఉరికేటోనికి గీతలతోని ఏం పని? రబ్బరు ఎంత ఆనితే గంత పట్టు. దీన్ని స్లిక్ అంటరు. నున్నగుంటది గని గుండుది కాదు. మందం మస్తుంటది, రబ్బరు మెత్తగుంటది."

పందేలు పెట్టేవాళ్ళు బళ్ళను టైర్లను బట్టి కూడా వేరు చేస్తారట. మామూలు రోడ్డు టైర్లున్న బళ్ళు ఒక జట్టు. ఏవో రెండు మూడు గీతలుండి, రోడ్డు మీదా తిరగగలిగే మెత్తరబ్బరు టైర్లవి ఇంకో జట్టు. ఒక్క గీత కూడా లేని స్లిక్కులవి మూడో జట్టు. ఒక జట్టు బండిని ఇంకో జట్టుతో ఉరికించరు. స్లిక్కు వెనక చక్రానికే వేస్తారు. ముందు చక్రానికి సన్నటి టైరు చాలు, దానికి బండిని నెట్టే పని లేదు కదా. స్లిక్కులో గాలి తక్కువ పెట్టి, బయలుదేరే ముందు చక్రాన్ని నిలిచినచోటే గిర్రున తిప్పి వేడి చేస్తారు. అప్పుడది బంకలాగా నేలను పట్టుకుంటుంది. ఇవన్నీ నాకు ఎందుకు గుర్తున్నాయని మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఈ నెలలో మన ఇంట్లో ఇంకో మాట లేదు.

ప్రహ్లాద్ మీకు తెలుసు. ఉప్పుగూడ స్టేషను దగ్గర టైర్ల దుకాణం వైకుంఠం సేటు ఒక్కగానొక్క కొడుకు. కొండల్‌తో కలిసి చదువుకున్నవాడు, మన ఇంట్లో పళ్ళెం ముందు పెట్టుకుని "వదినా, ఇంకో రొట్టె" అని అడిగి తినేవాడు. వాడూ పందెంలో దిగుతానన్నాడు. సేటు మొదట వద్దని లొల్లి చేశాడు. కొడుకు అన్నం మానేస్తే మనసు కరిగి ఒప్పుకున్నాడు.

పందెం ఊరి బయట విమానాలు దిగని పాత రన్‌వే మీద. కొండల్ బతిమాలితే నేనూ వెళ్ళాను. సద్ది కట్టుకుపోయాను. తినేటప్పుడు ప్రహ్లాద్ తన బండి చూపించాడు. వెనక టైరు అద్దంలా నున్నగా ఉంది.

"బాపు చేసిండు వదినా," అన్నాడు ముఖం వెలిగిపోతుంటే. "పాత టైరు తీసుకొని, దుకాణంల మిషను మీద గీతలన్ని అరగదీసిండు. ఆయనే కూసొని చేసిండు, పనోళ్ళను ముట్టనియ్యలే."

కొండల్ వంగి ఆ టైరు మీద గోరుతో నొక్కాడు. వాడి ముఖం మారింది.

"అరే ప్రహ్లాద్, ఇది స్లిక్ కాదురా. మీద రబ్బరే లేదు, లోపల నార తగులుతున్నది. దీంట్ల గాలి తగ్గించి ఉరికిస్తే పేలుతది. నాది తీసి నీ బండికి ఎక్కిస్త, నేను మానుకుంట."

"బాపు చేసింది పక్కకు పెట్టి నీది వేసుకుంటే ఆయనేమనుకుంటడు? సాయంత్రం అడుగుతడు గద, నా టైరు ఎట్లురికిందిరా అని."

కొండల్ ఊరుకోలేదు. బళ్ళు పరీక్ష చేసే ఆయన దగ్గరికి పోయి చెప్పాడు. ఆయన వచ్చి టైరును చేత్తో నిమిరి, గీతలు లేవు కాబట్టి స్లిక్కుల జట్టే అని సుద్దతో అంకె వేసి వెళ్ళిపోయాడు. ఇద్దరినీ పక్కపక్కనే నిలబెట్టారు.

బళ్ళు కదిలాయి. ప్రహ్లాదే ముందున్నాడు. చివరికి వచ్చేసరికి తుపాకి పేలినట్టు శబ్దమైంది. వాడి బండి అడ్డం తిరిగి కొండల్ ముందు నుంచే దొర్లుకుంటూ పోయింది. కొండల్ తన బండిని పడేసి పరుగెత్తి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను పోయేసరికే ప్రాణం పోయింది. ఈ మాట మీకు ఇన్ని రోజులు రాయలేకపోయాను, మన్నించండి.

అది మాత్రమే అయితే ఏడ్చి ఊరుకునేవాళ్ళం. కర్మకాండలు కాకముందే వైకుంఠం సేటు ఠాణాకు పోయి, కొండల్ ఓడిపోతున్నానన్న కసితో తన బండిని ప్రహ్లాద్ బండికి తగిలించాడని రాసిచ్చాడు. ప్రహ్లాద్ బండిని అప్పటికే వాళ్ళ మనుషులు ఇంటికి తెచ్చుకున్నారు. పోలీసులు వెళ్ళి చూస్తే వెనక చక్రం లేదు. కొండల్‌ను రోజూ పిలిపించి గంటలకొద్దీ కూర్చోబెట్టారు. వాడు టైరు మాటే ఎత్తలేదు. "ఏమో సార్, తగిలిందేమో, నాకు తెల్వది," అని వచ్చాడట.

"పిచ్చి పట్టిందారా? జైల్లో ఏస్తరు," అని అత్తమ్మ గుండెలు బాదుకుంది.

"కొడుకు పోయిండమ్మా ఆయనకు. నీ చేతులతోనే పోయిండని గూడ చెప్పాల్నా? నా మీద కోపంతోనన్న బతకనియ్యి," అన్నాడు. టైరు సంగతి చెప్పనని నా చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఆ ఒట్టు నేను నిలుపుకోలేదు.

కొండల్‌ను కోర్టుకు పంపిస్తారని తెలిసిన రోజు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సేటు దుకాణానికి వెళ్ళాను. ఆయన గడ్డం పెరిగి, టైర్ల మధ్య బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"కేసు ముచ్చటైతే మాట్లాడకు బిడ్డా," అన్నాడు.

"మా కొండల్ తగిలియ్యలే కాకా. టైరు పేలింది. మీరు అరగదీసిన టైరు."

అని నా నోరే నేను మూసుకున్నాను. ఆయన అరుస్తాడనుకున్నాను, కొడతాడేమో అనుకున్నాను. ఆయన లోపలి గది వైపు చూపు తిప్పాడు.

"నాకెరుక," అన్నాడు. "చక్రం లోపల దాసిన. పొద్దున లేస్తే దాన్నే చూస్తున్న. ఇన్నేండ్లు టైర్లమ్మినోణ్ణి, నున్నగుంటె చాలనుకున్న బిడ్డా. నా చేతులతోని చేసిస్తె వాడు మస్తు ఖుష్ అయిండు."

"మరి మా పిల్లగాని మీద ఎందుకేసిన్రు?"

"ఎవని మీదనన్న ఎయ్యకుంటె నేనెట్ల బతకాలె?"

మర్నాడు ఆయనే ఆ చక్రాన్ని రిక్షాలో వేసుకుని ఠాణాకు పోయాడు. జరిగింది చెప్పి, కొండల్ తప్పేమీ లేదని రాసిచ్చాడు. ఆ కేసు భయం ఇప్పుడు మనకు లేదు.

సంతోషంగా కొండల్‌కు చెప్పాను. వాడు సంతోషపడలేదు.

"వదినా, చెప్పొద్దన్నది నా మాట కాదు. ప్రహ్లాద్ మాట. నా ఒళ్ళె పండుకొని అన్నడు, 'బాపుకు చెప్పకు. టైరు పేలిందనకు. నేనే చూసుకోక పడ్డనని చెప్పు' అని. ఇంకేం అనలే."

చనిపోయేవాడు తండ్రి కోసం కోరిన ఒక్క కోరికను నేను దుకాణంలో నిలబడి తుంచి వచ్చాను. మీ తమ్ముణ్ణి కాపాడుకున్నానని ఒక పక్క, ఇది ఒక పక్క. నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తెలియడం లేదు. మీరే చెప్పాలి.

రెండు రోజులు ఆలోచించి, తండ్రికి ఎలాగూ తెలిసిపోయింది కాబట్టి ప్రహ్లాద్ చివరి మాట కూడా ఆయనకు చేరాల్సిందేనని కొండల్ అన్నాడు. ఇద్దరం కలిసి వెళ్ళాము. సేటు భార్య సుగుణమ్మ కూడా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. కొండల్ నిలుచునే, ప్రహ్లాద్ అన్నది అన్నట్టుగా చెప్పాడు. ఒక్క అక్షరం తగ్గించలేదు.

సుగుణమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు చితి దగ్గర కూడా కన్నీరు పెట్టలేదని అందరూ చెప్పుకున్న సేటు, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మేము కదలలేదు. ఏడుపు సద్దుమణిగాక ఆయన ముఖం తుడుచుకుని, బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూసో కొండల్," అన్నాడు.

వాడు కూర్చున్నాడు. అప్పటి నుంచి రోజూ పని కాగానే పోయి అక్కడ కాసేపు కూర్చుని వస్తున్నాడు. ఏం మాట్లాడుకుంటారో నేను అడగలేదు. ఇంట్లో మాత్రం నోరు విప్పడు, పళ్ళెం ముందు కూర్చుని అన్నం కెలికి లేస్తాడు. నేను వదినను, అత్తమ్మ తల్లి. వాడికి ఇప్పుడు అన్న కావాలి. సెలవు దొరికితే రండి, దొరక్కపోతే అడిగి తీసుకుని రండి.

ఇట్లు,
వాడి తరఫున కూడా మిమ్మల్ని పిలుస్తున్న
మీ ఇల్లాలు నీలమ్మ