మాధవియమ్మ అనుమానం

పుతియకండి,
ఆదివారం.

మీకు వనజ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం లేచి తిరుగుతున్నాం, వేళకింత గంజి తాగుతున్నాం. దాన్ని క్షేమం అంటారనుకుంటే క్షేమమే. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వేస్తే జైల్లో మీకన్నా ముందు మన పార్టీవాళ్లే చదువుతారు. వకీలుగారి గుమాస్తా చేతికిస్తున్నాను, చదివి చించేయండి.

అత్తయ్య దగ్గు ఎలా ఉందని అడిగారు. దగ్గూ తగ్గలేదు, నోరూ తగ్గలేదు. "నీ బీడీల పొడి నా రొమ్ములో కాపురం పెట్టిందే" అంటుంది. సొసైటీలో బీడీలు చుట్టడం మానేస్తే ఏం తింటామో మాత్రం చెప్పదు. మన అనఘకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. మొన్న ములాఖత్‌లో మీ మీసం తెల్లబడడం చూసి, ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది.

దినేశన్ పార్టీ వదిలేస్తున్నాడట, నిజమేనా అని రాశారు. వదిలేసినంత పని చేశాడు. సెక్రటరీ పదవి తనకు ఇవ్వలేదని అలిగి, పంచాయతీ ఎన్నికల్లో ప్రతి వార్డులోనూ తన మనుషుల్ని నిలబెడతానన్నాడు. పార్టీ ఆఫీసు రెండు గదులుగా చీలిపోయింది. టీ కూడా ఎవరిది వాళ్లే తెప్పించుకున్నారు. చివరికి పైవాళ్లు వచ్చి, మన వార్డు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది కాబట్టి టికెట్టు దినేశన్ భార్య రజితకిచ్చి అతని నోరు మూయించారు.

అయినా పార్టీ చీలిందన్న జనం గుసగుసలు ఆగలేదు. మర్నాడు పార్టీ తరఫున కుంజిరామన్ మాస్టారు మన ఇంటికి వచ్చారు.

"వనజా, నువ్వు రజిత పక్కన నిలబడి ఇల్లిల్లూ తిరగాలమ్మా. పవిత్రన్ పెళ్లామే వచ్చిందంటే ఇక ఎవడు నోరెత్తుతాడు?"

"నేనేమన్నా దిష్టిబొమ్మనా మాస్టారూ, పక్కన నిలబెట్టడానికి?"

ఆయన నవ్వలేదు. "ఇల్లు చీలితే వాన అందరి నెత్తినా పడుతుంది. పవిత్రన్ పెరోల్ సంగతి పైన మాట్లాడాను. ఎన్నికలు కాగానే పదిహేను రోజులు మీ ఇంట్లో ఉంటాడు. నువ్వు రానంటే మరి నేనేం చెప్పను వాళ్లకి?"

అత్తయ్య వెంటనే నా చీర కొంగు పట్టుకుంది. "వెళ్లవే, వాణ్ణి ఒక్కసారి కళ్లారా చూసి పోతాను" అంది. వెళ్లాను. అవతలి పార్టీ శశిని నరికింది దినేశన్ అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పార్టీ మీ పేరిచ్చింది, మీరు స్టేషన్‌కు వెళ్లి నేనే అన్నారు. మనవైపు అది కొత్త కాదు. ఏడేళ్లుగా అతని బదులు మీరు లోపల ఉంటే, అతని పెళ్లానికి ఓటెయ్యమని నేను గుమ్మం గుమ్మం ఎక్కాను. ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వుతూనే తిరిగాను.

ఇప్పుడు రాయబోయేది మూడు రోజులుగా రాయలేక చించేస్తున్నాను. ఓట్లడిగేటప్పుడు ఒక్క ఇల్లు కూడా వదలకూడదని మన స్క్వాడ్ పద్ధతి కదా. శశి ఇంటికి కూడా వెళ్లాం. మాస్టారు గేటు దగ్గరే ఆగిపోయారు. శశి తల్లి మాధవియమ్మ అరుగు మీద కర్రపెండలం చెక్కు తీస్తోంది. రజిత మొహం కూడా చూడకుండా నన్ను దగ్గరకు పిలిచింది.

"నీ మొగుడు పదేళ్లు మా చెట్లెక్కి కల్లు గీశాడు. పైనుంచి వాడు కేకేస్తే నేను కుండ తెచ్చేదాన్ని. వాడి గొంతు నాకు తెలీదా? ఆ రోజు నా కొడుకు మీద పడి అరిచిన గొంతు వాడిది కాదు. మా పార్టీవాళ్లు కూడా వాడి పేరే చెప్పమన్నారు, కోర్టులో చెప్పాను. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదే. అప్పీలు ఇంకా నడుస్తోందిగా? వాడు కాదని నువ్వొక్క మాట అను. రేపే వెళ్లి, అబద్ధం చెప్పానని జడ్జిగారి కాళ్ల మీద పడతాను."

రజిత నా మోచెయ్యి పట్టుకుంది. గేటు దగ్గర మాస్టారు గొడుగు మార్చి పట్టుకున్నారు. నాకు ఆ క్షణాన పెరోల్ గుర్తొచ్చింది, అత్తయ్య గుర్తొచ్చింది. కాదంటే దినేశన్ పేరు బయటపడి మళ్లీ పార్టీ చీలుతుంది, ఆ కోపం జైల్లో మీ మీద ఎవరు తీర్చుకుంటారో అని భయం వేసింది. పోలీసులకు, పత్రికలవాళ్లకు, మా అన్నయ్యకు, చివరికి అనఘకు కూడా చెప్పిన జవాబే నోట్లోంచి వచ్చేసింది.

"ఆయనే చేశాడమ్మా" అన్నాను.

మాధవియమ్మ ఒళ్లో పడిన చెక్కు దులుపుకుంది. "సరే. ఇక నాకు నిద్ర పడుతుంది" అని మళ్లీ కత్తి అందుకుంది. రోడ్డెక్కాక మాస్టారు నా తల మీద చెయ్యి వేసి, "పార్టీని నిలబెట్టావు తల్లీ" అన్నారు.

పెరోల్ ఖాయమైంది, ఎన్నికలు కాగానే వస్తారు. బస్సు దిగి మాధవియమ్మ ఇంటి ముందు నుంచే రావాలి, వేరే దారి లేదు. మీరు చేయలేదేమోనని ఊరు మొత్తం మీద అనుమానపడిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆ అనుమానం కూడా నేనే తీర్చేశాను.

ఇట్లు,
మీ భార్య అని ఇంకా రాసుకోవచ్చంటే,
వనజ.