బ్యాటరీ వైరు తియ్యనివ్వకు

డేనియల్,

నేను ఇబ్రహీంపట్నం డ్యూటీకి బస్సులో వెళ్తున్నాను. కారు నీకోసం వదిలాను. నిన్న కొండపల్లి దాటగానే ఇంజన్ లైటు మళ్ళీ వెలిగింది. ఇంజన్ మార్పించాక ఇది నాలుగోసారి. అది ఆరిపోకముందే షెడ్డుకి తీసుకెళ్ళి చూపించు.

మస్తాన్ గారు ఎప్పట్లాగే బ్యాటరీ వైరు ఊడదీసి మళ్ళీ పెడతానంటే ఒప్పుకోకు. అలా చేస్తే లైటు ఆరుతుంది గానీ జబ్బు పోదు, రెండ్రోజుల్లో మళ్ళీ వెలుగుతుంది. ముందు స్కానర్ పెట్టించి, అందులో వచ్చిన నంబరు రాసుకురా. పాత ఇంజన్‌కున్న సెన్సార్లే కొత్తదానికి బిగించారేమో గట్టిగా అడుగు. నువ్వేమో ఆయన ఏం చెప్పినా "సరేనండీ" అని తలూపి వచ్చేస్తావు. నాకు ఒళ్ళుమండేది అక్కడే.

అన్నం కుక్కర్లో ఉంది. పప్పు వేడి చేసుకో.

నాన్న పోయి నెల దాటింది. నాకింకా ఏడుపు రావడం లేదు. పొద్దున లేస్తే ఈ లైటు గురించే ఆలోచిస్తున్నాను.

అక్క

కారులో గడియారం కూడా పాడైంది, చూపిస్తానన్నావుగా, వద్దు. అది బాగానే ఉంది. ఆదివారం చర్చికి ఆలస్యం కాకూడదని నాన్న దాన్ని పది నిమిషాలు ముందుకి పెట్టుకునేవారు. వైరు తీసినప్పుడల్లా ఆ టైము పోతోంది. మూడుసార్లూ నువ్వు సరిచేశావు. మూడుసార్లూ నేను మళ్ళీ నాన్న టైముకి తిప్పాను.