మోకాలి రిపోర్టు చదవాల్సినవాడు

చెల్లీ హిల్కా,

మరిదిగారి దగ్గు తగ్గిందా? నీ బీపీ ఎలా ఉంది? పిల్లలు మంచు మీద జాగ్రత్తగా నడుస్తున్నారా? నాకెప్పుడూ అదే దిగులు.

మా సొసైటీ అధ్యక్షుడు ఓయివా మంచు కట్టిన మెట్ల దగ్గర, కాలు జారకుండా వేసే ఇసుక చల్లించలేదు, నేను జారిపడ్డాను. ఎక్స్‌రేలో ఎముక బాగుందని విని, ఆవిరి స్నానాల గది ముందు అందరూ వింటుండగా, "ముసలమ్మ నాటకాలు! ఆ కాలితో డ్యాన్సు కూడా చెయ్యొచ్చు" అన్నాడు.

ఎక్స్‌రేలో ఎముకలే తెలుస్తాయట. మొన్న ఎమ్మారై తీశారు. ఆ గొట్టంలో అరగంట కదలకుండా పడుకున్నాను. మోకాలి లిగమెంటు పూర్తిగా తెగిందట. ఏడవలేదు చెల్లీ, సంతోషించాను.

వార్షిక సమావేశంలో చదివిందల్లా మినిట్స్‌లోకి ఎక్కాల్సిందే. ఆ రిపోర్టు వాడి నోటితోనే చదివిస్తాను. కళ్లజోడు మరిచానంటే నాది ఇస్తాను.

భయంగానే ఉంది, నువ్వు పక్కన కూర్చో. సమావేశం మార్చి పద్నాలుగు, గురువారం. ఆ రోజు మధ్యాహ్నం బస్సుకి వచ్చెయ్.

నీ అక్క