పైపు మింగే పరీక్ష

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నెల రోజులుగా నాకూ నీకు వచ్చినట్టే కడుపులో మంట, వాంతులు. నిన్న పక్కింటి ఖైరున్నీసా ఆపా నన్ను రిక్షాలో సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. చీటీ పైసలు తప్ప వేరే ఖర్చు లేదని ఆమే కనుక్కుంది.

డాక్టరమ్మ నల్లటి పైపు చూపించింది. "గొంతుకు మందు కొడ్తం, నొప్పి తెల్వది. దీంతోని కడుపుల పుండుందా, ఇంకేమన్న ఉందా చూస్తం. ఎప్పుడో ఒకరికి లోపల గీరుకొని రక్తం వస్తది. అందుకే సంతకం అడుగుతున్నం" అంది. నేను ఆపా వైపు చూసి సంతకం పెట్టాను.

"ఫికర్ చెయ్యకు చెల్లె, నేనీడ్నే ఉంట" అంది ఆపా.

పైపు దిగుతుంటే ఊపిరి ఆగిపోతుందనుకున్నాను. డోకు వచ్చింది, కళ్లనీళ్లు కారాయి. కాసేపటికే అయిపోయింది. నాది మామూలు పుండేనట, మందులతో మానుతుందట.

ఇదే పరీక్ష నీకు రాసిచ్చిన రోజు ఆ పైపు చూసి, "ఇంటికి పోదమా?" అని నా మొహంలోకి చూశావు. పోదామన్నది నేనే. ఇంత కాసేపటి పనని అప్పుడు నాకు తెలియదు.